పసుపు అట్ట మీద పురుగు జాడ

సాయంత్రం ఎండ తగ్గాక పసుపుపచ్చ చొక్కా వేసుకుని కొల్లాపూర్ నుంచి సోమశిలకు బండి మీద వెళ్లి చూడండి. రోడ్డు పక్క చేలల్లో పత్తో మిరపో ఉన్న కాలమైతే, కృష్ణ ఒడ్డుకు చేరేసరికి చొక్కా మీద సన్నటి నలుసులు అతుక్కుని ఉంటాయి. దులిపితే కొన్ని ఎగిరిపోతాయి. దుమ్ము కాదని అప్పుడు తెలుస్తుంది. పక్క బండి మీద ముదురు రంగు చొక్కాతో వచ్చిన మనిషికి ఈ బెడద అంతగా ఉండదు.

చొక్కాకు పూల వాసన లేదు, ఆకు రుచి లేదు. పైగా ఆ నలుసులన్నీ ఆకుల రసం పీల్చి బతికేవే. ఆకు పచ్చగా ఉంటుంది కదా, మరి పచ్చ చొక్కాను వదిలేసి పసుపు చొక్కా మీద వాలడం ఏమిటి?

ఈ చిక్కుముడి విప్పితే టమాట మడిలో, మిరప తోటలో కర్రలకు వేలాడే జిగురు అట్టల సంగతి అర్థమవుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఇప్పుడు వీటిని చూడని రైతు తక్కువ. రైతు వేదికల్లో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈవోలు) వీటి గురించి చెబుతారు. మందుల దుకాణాల్లో కట్టలు కట్టలుగా అమ్ముతారు. చాలామంది వీటిని పురుగును చంపే సాధనంగానే కొంటున్నారు. నా లెక్కలో అట్ట అసలు పని అది కాదు. పురుగు ఎప్పుడు వచ్చింది, ఎటు నుంచి వచ్చింది, పెరుగుతోందా తగ్గుతోందా అని చెప్పడం దాని పని. ఆ కబురు చదవకుండా అట్టను చేలో వేలాడదీస్తే పెట్టిన డబ్బులో సగం వృథా.

పురుగు చూసే పసుపు వేరు

మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలు. ఒకటి నీలానికి, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు స్పందిస్తుంది. పసుపు వస్తువు నుంచి వచ్చే వెలుతురు ఆకుపచ్చ కణాన్నీ ఎరుపు కణాన్నీ కలిపి కదిలిస్తుంది. ఆ రెండూ కలిసి ఇచ్చే అనుభవానికే మనం పసుపు అని పేరు పెట్టుకున్నాం.

పంటల మీద వాలే చాలా పురుగుల కళ్లలో ఎరుపును పట్టే కణం లేదు. వాటికి ఉన్నవి ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి, మనకు అసలు కనిపించని అతినీలలోహిత కాంతికి ఒకటి. పసుపు అట్ట నుంచి వచ్చే వెలుతురులో ఎరుపు భాగం పురుగుకు అందదు. మిగిలింది ఆకుపచ్చ భాగం. అది పుష్కలంగా ఉంటుంది. నీలం, అతినీలలోహితం దాదాపు ఉండవు.

ఇప్పుడు ఆకు సంగతి చూద్దాం. ఆకు తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని తినేస్తుంది. నీలాన్నీ ఎరుపునూ బాగా పీల్చుకుని, ఆకుపచ్చలో కొంత మాత్రం వెనక్కి పంపుతుంది. ఎగిరే పురుగు కింద ఉన్నది ఆకా, మట్టా అని తేల్చుకోవడానికి వాడే కొలత ఇదే: ఆకుపచ్చ ఎంత ఉంది, దానితో పోలిస్తే నీలం ఎంత ఉంది. ఆకుపచ్చ ఎక్కువై నీలం తక్కువైతే కింద ఉన్నది ఆకు. తేడా ఎంత పెద్దదైతే వాలాలన్న ఊపు అంత బలంగా ఉంటుంది.

ఈ కొలతలో పసుపు అట్ట అసలు ఆకునే ఓడిస్తుంది. ఆకు పంపే దానికంటే కొన్ని రెట్లు ఎక్కువ ఆకుపచ్చ కాంతిని పంపుతుంది, నీలాన్ని మాత్రం పంపదు. అంటే పురుగు దాన్ని పసుపుగా చూడటం లేదు, సృష్టిలో ఎక్కడా లేనంత గొప్ప ఆకుగా చూస్తోంది. పచ్చ చొక్కా మామూలు ఆకు స్థాయిలో ఆగిపోతుంది. తెల్ల చొక్కా అన్ని రంగులనూ వెనక్కి పంపుతుంది, అందులో నీలం కూడా ఉంటుంది కాబట్టి పేనుబంక లెక్కలో అది ఆకు కిందికి రాదు. పసుపు అట్ట చూపే ఇలాంటి ఆకర్షణను పరిశోధకులు సహజాన్ని మించిన ప్రేరణ అంటారు.

పసుపు మీది ఈ మొగ్గుకు మరో కారణం కూడా చెబుతారు. లేత చిగురు, ముదిరి పండబోతున్న ఆకు రెండూ కాస్త పసుపు వైపు ఉంటాయి. రెండింటి రసంలోనూ పేనుబంకకు కావలసిన అమైనో ఆమ్లాలు ఎక్కువ. పసుపు వైపు మొగ్గిన పేనుబంకకు మంచి తిండి దొరికింది, దాని సంతతి పెరిగింది. ఆ మొగ్గు తరతరాలుగా స్థిరపడిందని అనుకోవచ్చు.

ఒక పళ్లెం, కొన్ని నీళ్లు

పసుపు మీది ఈ మోజును సాధనంగా మార్చిన వారిలో ఒకడు జర్మనీకి చెందిన ఫోల్కర్ మోరికె. పేనుబంక ఎప్పుడు ఎగురుతుందో తెలుసుకోవాలని ఆయన ఒక వెడల్పాటి పళ్లేనికి పసుపు రంగు పూసి, నీళ్లు పోసి చేలో పెట్టాడు. వాలిన పురుగు నీళ్లలో పడి లేవలేకపోయింది. 1951లో ఆయన దీని గురించి రాసిన వ్యాసం పేరులోనే పేనుబంక ఎగరడాన్ని గమనించే రంగు బోను అని ఉంది. చంపే బోను అని లేదు. ఇప్పటికీ కీటక శాస్త్రజ్ఞులు దాన్ని మోరికె పళ్లెం అనే పిలుస్తారు. నీళ్ల స్థానంలో జిగురు వచ్చింది, పళ్లెం స్థానంలో ప్లాస్టిక్ అట్ట వచ్చింది. సూత్రం మారలేదు.

తర్వాత 1962లో లారెన్స్ మౌండ్ అనే కీటక శాస్త్రజ్ఞుడు తెల్లదోమ మీద ఇంకొక సంగతి బయటపెట్టాడు. తెల్లదోమ రెండు రకాల వెలుతురుకు రెండు రకాలుగా స్పందిస్తుంది. నీలం, అతినీలలోహితం వైపు తిరిగినప్పుడు అది పైకి లేచి దూరానికి పోయే పనిలో ఉంటుంది. పసుపు వైపు తిరిగినప్పుడు వాలే పనిలో ఉంటుంది. ఆకాశం నిండా ఉండేది మొదటి రకం వెలుతురు, ఆకుల నుంచి వచ్చేది రెండో రకం.

అట్ట కబురును సరిగా చదవాలంటే ఈ తేడా తెలియాలి. అట్టకు చిక్కేది వాలడానికి సిద్ధపడిన రెక్కల పురుగు మాత్రమే. చేలో ఉన్న మొత్తం పురుగులకు అది సమానం కాదు. చల్లటి ఉదయం, గాలి హోరు, వాన జల్లు ఉన్న రోజుల్లో పురుగు ఎగరదు. అట్ట ఖాళీగా కనిపిస్తుంది. అంతమాత్రాన చేలో పురుగు లేదనుకోకూడదు.

> వెండి షీటు కిటుకు
>
> డ్రిప్ వేసిన మిరప, టమాట తోటల్లో సాళ్ల మీద పరిచే మల్చింగ్ షీటు చూసే ఉంటారు. కింద నలుపు, పైన వెండి రంగు. నలుపు కలుపును ఆపుతుందని అందరికీ తెలుసు. వెండి రంగు ఎందుకు? అది ఆకాశపు వెలుతురును, అందులోని అతినీలలోహితంతో సహా, కింది నుంచి పైకి కొడుతుంది. వాలబోతున్న తెల్లదోమకు, పేనుబంకకు, తామర పురుగుకు కింద నేల ఉండాల్సిన చోట ఆకాశం కనిపిస్తుంది. దిక్కు తప్పి పక్కకు పోతుంది. మొక్కలు పెరిగి ఆకులు షీటును కప్పేసే దాకానే ఈ రక్షణ. వైరస్ తెగుళ్లు ఎక్కువ నష్టం చేసేది కూడా ఆ లేత వయసులోనే కాబట్టి ఆ కొద్ది వారాలూ విలువైనవి.

నీలం ఎందుకు వచ్చింది

కొన్నేళ్ల కిందటి దాకా చేలల్లో ఎక్కువగా కనిపించినవి పసుపు అట్టలే. నీలం అట్టలు ఊరూరా కనబడటం 2021 తర్వాత మొదలైంది. ఆ ఏడాది చివర, 2022 మొదట్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మిరప తోటల మీద ఒక కొత్త తామర పురుగు విరుచుకుపడింది. శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. రైతులు నల్ల తామర పురుగు అన్నారు, కొందరు నల్లి అన్నారు. ఆగ్నేయాసియాకు చెందిన ఈ పురుగును మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. ఆరేళ్లకు అది మిరప పూలలోకి దిగింది. పూలు రాలాయి, పిందె కట్టలేదు. మందు మీద మందు కొట్టినా ఫలితం రాక, పంట కాలంలోనే తోటలు పీకేసిన రైతులు ఉన్నారు.

మిరపకు తామర పురుగు కొత్త కాదు. పాత రకం లేత ఆకులను గీకి రసం పీల్చేది. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలా అయ్యేది. పై ముడత అని మన రైతులు చెప్పేది అదే. (కింది ముడత అసలు నల్లి వల్ల వస్తుంది, దాని సంగతి తర్వాత.) కొత్త రకానికి ఆకు కంటే పువ్వు మీద మోజు ఎక్కువ. పుప్పొడి తింటుంది, పూల అడుగున గుంపులుగా దాక్కుంటుంది.

రంగు తేడా వచ్చేది ఇక్కడే. ఆకు కోసం వెతికే పురుగుకు పనికొచ్చే గుర్తు ఆకుపచ్చ-పసుపు. పువ్వు కోసం వెతికే పురుగుకు ఆ గుర్తు పనికిరాదు, చుట్టూ ఉన్నవన్నీ ఆకులే కదా. ఆకుల నడుమ వేరుగా కనిపించేదే దానికి కావాలి. నీలం, కొన్ని జాతులకు తెలుపు, ఆ పని చేస్తాయి. అందుకే పూలలో ఉండే తామర పురుగుల్లో చాలా రకాలు నీలానికి వస్తాయి. మిరపలోని పాత రకం మాత్రం పసుపు వైపే ఎక్కువ మొగ్గుతుందని పరిశోధనలు చూపాయి. తామర పురుగు అంటే నీలం అట్ట అని ఒక్క మాటలో చెప్పేస్తే పొరపాటు జరిగేది అందుకే. మిరప తోటలో రెండు రంగులూ పెట్టమనడంలో ఉన్న అర్థం కూడా ఇదే. నీలంలోనూ ఏ నీలం అన్నది తేడా తెస్తుంది. వెలిసిపోయిన నీలం, ముదురు నేరేడు నీలం ఒకే ఫలితం ఇవ్వవు.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. తెల్లదోమ, పచ్చదోమ, రెక్కల పేనుబంక పసుపుకే వస్తాయి. ఆకు మీద పాము పాకినట్టు తెల్లటి చారలు గీసే ఆకు తొలుచు ఈగ కూడా పసుపుకే వస్తుంది. ఈ ఈగ కూడా బయటి నుంచి వచ్చినదే. 1990ల మొదట్లో హైదరాబాద్‌లో ఆముదం మీద కనిపించింది. ఇప్పుడు టమాట, చిక్కుడు, దోస, బీర దేన్నీ వదలడం లేదు.

మెతుకు పట్టి చూడటం

అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా తినక్కర్లేదు, ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. అట్ట కూడా చేనులో పట్టి చూసే మెతుకే. అయితే కుండలో మంట అన్ని వైపులా ఒకేలా తగులుతుంది, చేనులో అలా కాదు. పురుగు చేనంతా ఒకేసారి దిగదు. గాలి వచ్చే వైపు గట్టు మీద, పక్కవాడి పాత పంట ఆనుకుని ఉన్న సాళ్లలో ముందు దిగుతుంది. నడిమధ్య ఒక్క అట్ట కట్టి ఏమీ లేదని ఇంటికి పోతే, గట్టు పక్కన పెరుగుతున్న ముప్పు కంటపడదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ 2014లో పంటల వారీగా సస్యరక్షణ పుస్తకాలు తెచ్చింది. నిఘా కోసం ఎకరాకు 4 నుంచి 5 అట్టలు, పైరు తలకు 15 సెంటీమీటర్లు, అంటే అర అడుగు ఎత్తున ఉండాలని వాటిలో ఉంది. ఆ అర అడుగుకు కారణం ఉంది. వాలబోయే పురుగు పైరు తల మీద తక్కువ ఎత్తులో తిరుగుతుంది. అట్ట మరీ పైన ఉంటే దారిన పోయేవి తగులుతాయి, ఆకుల్లో మునిగితే కనిపించనే కనిపించదు. పైరు పెరిగేకొద్దీ కర్ర మీద అట్టను పైకి జరపాలి. మన దగ్గర చాలా చేలల్లో తప్పిపోయేది ఇదే. నాటిన వారంలో కట్టిన అట్ట రెండు నెలలకు ఆకుల కింద దుమ్ము పట్టి ఉంటుంది.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి: చల్క నేలల్లో ఎండాకాలపు గాలికి లేచే ఎర్ర దుమ్ము జిగురును కొద్ది రోజుల్లోనే చంపేస్తుంది. దుమ్ము పట్టిన అట్టకు పురుగు వచ్చినా అంటదు. లెక్క తగ్గితే పురుగు తగ్గిందా, జిగురు తగ్గిందా అని వేలితో తాకి చూడాలి.

ఇక లెక్క. వారానికి ఒకసారి, అదే రోజున, వీలైతే అదే వేళకు చూడాలి. 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఉంటే మేలు. తెల్లదోమ ఒంటి మీది తెల్లటి పొడి జిగురులో కరిగిపోతుంది కాబట్టి అట్ట మీద అది తెల్లగా ఉండదు, లేత పసుపు ఒంటితో కనిపిస్తుంది. తామర పురుగు సన్నగా, సూది మొనతో గీసిన గీతంత ఉంటుంది, పొడవు మిల్లీమీటరు అటూఇటూ. పచ్చదోమ కాస్త పెద్దది, తల వైపు వెడల్పు, తోక వైపు సన్నం. అట్టంతా లెక్కించే ఓపిక లేకపోతే నిలువుగా అంగుళం వెడల్పు పట్టీ గీసుకుని ప్రతి వారం అందులోవే లెక్కించినా సరిపోతుంది. వారం వారం కొలత ఒకటే ఉండటం ముఖ్యం.

ఒక ఉదాహరణ అనుకుందాం. మొదటి వారం పట్టీలో 4 తెల్లదోమలు, రెండో వారం 6, మూడో వారం 30. ముప్పై పెద్ద సంఖ్యా కాదా అని ఆలోచిస్తూ కూర్చోనక్కర్లేదు, ఆరు ఒక్క వారంలో ముప్పై అయిందంటే కదలాలి. ఎటు కదలాలి? మందుల దుకాణానికి కాదు, ముందు చేలోకి. మందు కొట్టాలా వద్దా అని తేల్చే ఆర్థిక నష్ట పరిమితులను శాస్త్రజ్ఞులు ఎక్కువగా ఆకు లెక్కలో పెట్టారు, అట్ట లెక్కలో కాదు. పత్తిలో పచ్చదోమకు ఆకుకు రెండు అనే లెక్క అందరూ వినే ఉంటారు. అట్ట హెచ్చరిస్తే చేలో అడ్డదిడ్డంగా నడిచి, అయిదారు చోట్ల ఆగి, ఆకులు తిప్పి అడుగు భాగం చూడాలి. పిల్ల పురుగులు అక్కడుంటాయి. తీర్పు ఆకు దగ్గర జరుగుతుంది.

ఇంత శ్రమ దేనికని అడిగితే 1980లను గుర్తు చేసుకోవాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో అప్పుడు సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విపరీతంగా వాడారు. కాయతొలుచు పురుగును చంపుతామని కొట్టిన మందు, తెల్లదోమను తినే మిత్ర పురుగులను తుడిచిపెట్టింది. అడ్డు లేకుండా పెరిగిన తెల్లదోమ దశాబ్దం మధ్యలో పత్తిని ముంచింది. 1987-88లో అక్కడ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేశాయి. అప్పుల్లాంటి ఇతర కారణాలూ ఉన్నాయి. కానీ పురుగును లెక్కించకుండా తేదీ ప్రకారం మందు కొట్టే అలవాటుకు ఆ కథలో పెద్ద పాత్ర ఉంది.

వైరస్ విషయంలో లెక్క మారుతుంది

ఇక్కడ ఒక మినహాయింపు. రసం పీల్చడం వల్ల జరిగే నష్టం నెమ్మదిగా పెరుగుతుంది, లెక్క చూసి నిర్ణయించుకునే వ్యవధి ఉంటుంది. వైరస్‌ను మోసుకొచ్చే పురుగు ఆ వ్యవధి ఇవ్వదు. టమాటలో ఆకుముడత, బెండలో పల్లాకు తెగులు తెల్లదోమ వల్ల వస్తాయి. జబ్బు మొక్క మీద కొద్దిసేపు రసం పీల్చిన తెల్లదోమ, కొన్ని గంటల తర్వాత నుంచి చాలా రోజుల పాటు వాలిన మొక్కకల్లా వైరస్ ఎక్కిస్తుంది. అలాంటి పురుగులు కొన్ని చాలు.

తామర పురుగు విషయం ఇంకా విచిత్రం. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెగులు తెచ్చే వైరస్ టమాటకూ సోకుతుంది. ఈ వైరస్‌ను తామర పురుగు పిల్ల దశలోనే ఒంట్లోకి తీసుకోగలదు, రెక్కలొచ్చాక ఇతర మొక్కలకు అంటిస్తుంది. రెక్కలొచ్చాక మొదటిసారి జబ్బు మొక్క మీద వాలిన పురుగు వైరస్‌ను మోయలేదు. అంటే అట్టకు చిక్కిన పురుగులో వైరస్ ఉంటే, అది పుట్టిన చోటనే, అంటే పక్క చేలోనో గట్టు మీది కలుపులోనో జబ్బు మొక్క ఉందన్నమాట. యాసంగిలో వేరుశనగ విస్తారంగా వేసే వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో టమాట రైతు పక్క చేను వైపు కూడా చూడాల్సింది ఇందుకే.

కాబట్టి నారుమడి నుంచి పూత దాకా లెక్క పెరిగే వరకు ఆగకూడదు. అట్ట మీద మొదటి తెల్లదోమ కనిపించిన రోజే గంట మోగినట్టు. ఆ వయసులో అసలు రక్షణ అట్ట ఇవ్వలేదు. నారుమడి మీద 40 మెష్ నైలాన్ వల కట్టడం, చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్నో మొక్కజొన్నో ముందుగా వేయడం, జబ్బు మొక్కను చూసిన వెంటనే పీకి పూడ్చడం చేయాలి. ఎత్తుగా పెరిగిన జొన్న వరుస గాలిలో తేలి వచ్చే పురుగును ఆపుతుంది.

సోమశిల చుట్టుపక్కల ఇది మరీ ముఖ్యం కావడానికి నీళ్లు ఒక కారణం. శ్రీశైలం జలాశయం వెనుక నీళ్లు, కొల్లాపూర్ దగ్గర మొదలయ్యే కల్వకుర్తి ఎత్తిపోతల, గద్వాల వైపు జూరాల కాలువలు వచ్చాక ఏడాది పొడవునా ఏదో ఒక పచ్చ పైరు ఉంటోంది. వాన మీదే ఆధారపడిన రోజుల్లో ఎండాకాలపు బీడు పురుగుకూ కరువే. ఇప్పుడు పత్తి అయిపోగానే మిరప, మిరప ముదిరేసరికి టమాట, వంగ, బెండ. తెల్లదోమ 600కు పైగా రకాల మొక్కల మీద బతకగలదు. గద్వాల వైపు నడిగడ్డలో విత్తన పత్తి మడులు కూరగాయల మడులను ఆనుకునే ఉంటాయి. పత్తి కట్టె పీకిన వారంలో పక్క వంగతోట అట్టల మీద లెక్క ఎగబాకితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అట్టకు చిక్కనివి

నల్లికి రెక్కలు లేవు. మిరపలో కింది ముడత తెచ్చే తెల్లనల్లి, వంగలో ఎర్రనల్లి ఎంత ఉన్నా అట్ట మీద కనిపించవు. కాయతొలుచు పురుగు రెక్కల పురుగు రాత్రి తిరుగుతుంది, రంగు చూసి రాదు. దానికి లింగాకర్షక బుట్టలు వేరే ఉన్నాయి. ఆకు అడుగున అతుక్కుని రసం పీల్చే తెల్లదోమ పిల్లలు కదలనే కదలవు. తామర పురుగు తన జీవితంలో కొన్ని రోజులు మట్టిలో నిద్రావస్థలో గడుపుతుంది.

అందుకే ఎకరాకు 20, 25 అట్టలు కట్టి పురుగును తుడిచేస్తామనే ఆశ బయలు పొలంలో నెరవేరదు. ఒక ఆడ తెల్లదోమ వందకు పైగా గుడ్లు పెడుతుంది, వెచ్చటి రోజుల్లో మూడు వారాలకే కొత్త తరం వస్తుంది. బయటి నుంచి వచ్చేవి వస్తూనే ఉంటాయి. పాలీహౌస్‌లో, వల కట్టిన నారుమడిలో అయితే ఎక్కువ అట్టలు నిజంగానే పని చేస్తాయి, అక్కడ వలస తక్కువ. బయట ఎక్కువ అట్టలు తొలి రోజుల్లో కొంత ఒత్తిడి తగ్గిస్తాయి, అంతకు మించి ఆశించకూడదు.

నష్టం కూడా ఉంది. పసుపు అట్టకు అక్షింతల పురుగులు, పురుగుల గుడ్లలో గుడ్లు పెట్టే సన్నటి కందిరీగలు చిక్కుతాయి. నీలం అట్టకు తేనెటీగలు వస్తాయి. కాకర, దోస లాంటి తీగ జాతుల్లో తేనెటీగ రాకపోతే కాయ సరిగా కట్టదు. పూత బాగా ఉన్న రోజుల్లో ఆ తోటల్లో నీలం అట్టలు తీసేయడం మంచిది. మిత్ర పురుగులు ఎక్కువగా అంటుకుంటుంటే అది కూడా కబురే: చేలో సైన్యం ఉంది, మందు కొట్టే ముందు ఒకసారి ఆగి ఆలోచించమని.

> ఇంట్లోనే అట్ట
>
> కొన్న అట్టే కావాలని లేదు. ఖాళీ పసుపు పామాయిల్ డబ్బా బయటి వైపు గ్రీజో, వ్యాజ్‌లైనో, ఆముదమో పూసి కర్రకు బోర్లించినా నిఘాకు సరిపోతుందని రాజేంద్రనగర్ సంస్థ పుస్తకాలే చెబుతున్నాయి. ఆముదం మన పాలమూరు జిల్లాలకు పాత చుట్టం. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెం పరిశోధన స్థానానికి పేరు తెచ్చిన పంటల్లో అదొకటి. డబ్బా లేకపోతే పాత ప్లాస్టిక్ రేకుకు నిగనిగలాడే పసుపు పెయింటు వేయండి. గోధుమ వైపు, నారింజ వైపు పోయిన పసుపు అంత పని చేయదు. ఆముదం, గ్రీజు తొందరగా ఎండి దుమ్ము పడతాయి కాబట్టి వారం వారం తుడిచి మళ్లీ పూయాలి. లెక్క రాసుకున్న తర్వాతే తుడవాలి.

ఒక్కడి లెక్క, ఊరి లెక్క

ఫోన్‌తో అట్టను ఫొటో తీస్తే పురుగులను గుర్తించి లెక్కించే పద్ధతులు వస్తున్నాయి. వాటి కోసం ఆగాల్సిన పని లేదు. భూతద్దం, పెన్ను ఉన్న పదో తరగతి పిల్లలు ఈ లెక్క చక్కగా చేయగలరు. లోటు మరో చోట ఉంది. అట్టలు పంచేటప్పుడు వాటితో పాటు లెక్క రాసుకునే కాగితం ఇవ్వడం లేదు. కట్టిన వాడికి ఏం చూడాలో తెలియదు, తెలిసిన వాడు చూసినది పక్కవాడికి చేరదు. పురుగుకు గట్టు అడ్డం కాదు. ఒక చేలో సోమవారం కనిపించినది పక్క చేలోకి అదే వారంలో రావచ్చు.

ఒక రైతు వేదిక పరిధిలో పదిమంది కూరగాయల రైతులు తలా అయిదు అట్టలు కట్టి, వారానికోసారి లెక్క గోడ మీది బోర్డు మీద రాస్తే, పురుగు ఏ దిక్కు నుంచి వస్తోందో ఊరంతటికీ తెలుస్తుంది. వచ్చే పంటకు మీరు అట్టలు కొంటే మొదట వాటి వెనక మార్కర్ పెన్నుతో కట్టిన తేదీ, సాలు నంబరు రాయండి. ఏడు రోజులకు వెళ్లి చూసిన సంఖ్యను ఒక నోటుబుక్కులో ఎక్కించండి. మందు కోసం దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు జేబులో ఉండాలి. పంట అయిపోయాక అట్టలన్నీ ఏరి చేలోంచి తీసేయండి, జిగురు ఎండినా ప్లాస్టిక్ మట్టిలో కలవదు.